మందు రాసే ముందు చేను చూడు

చిరంజీవి అమ్మాయికి,

నంద్యాల జిల్లాలో, అదీ నల్లరేగడి నేలలున్న ఊళ్ళో, రైతు సేవా కేంద్రంలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేసినప్పటి నుంచి మీ పెద్దమ్మ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ అదే చెబుతోంది. వ్యవసాయ శాఖలో నా సర్వీసు చాలాభాగం ఆ చేల మధ్యనే గడిచింది కాబట్టి నాకు ఇంకొంచెం ఎక్కువ సంతోషం.

"రైతులు రాగానే ఏం మందు కొట్టాలి మేడం అంటున్నారు. చెప్పకపోతే నేరుగా షాపుకు పోతారు. ఏం చెయ్యమంటావు పెదనాన్నా?" అని అడిగావు. నేను చెప్పగలిగింది ఒక్కటే: చేను చూడకుండా మందు రాయకు. చేను చూడటమంటే ఆకు తిప్పి పురుగును చూడటంతో అయిపోదు. జీతం బత్తెం లేకుండా ఆ చేలో పనిచేసే ప్రాణులు ఏమేం ఉన్నాయి, నువ్వు రాయబోయే మందు వాటిని ఏం చేస్తుంది అన్నది కూడా చూడాలి. ముఖ్యంగా పూల మీద తేనెటీగలు, కాళ్ళ కింద మట్టి. కాలేజీలో ఈ రెండింటినీ వేర్వేరు పుస్తకాల్లో చదువుకున్నావు. చేలో మాత్రం ఒకదానికి దెబ్బ తగిలితే రెండోదానికీ తగులుతుంది.

పొద్దుతిరుగుడునే తీసుకో. పూత దశలో ఉదయం ఎనిమిది నుంచి పదకొండు గంటల మధ్య అరచేతికి మెత్తటి గుడ్డ చుట్టుకుని, రోజు విడిచి రోజు ఒక్కో పువ్వునూ మెల్లగా రుద్దమని రైతులకు మనమే చెబుతాం. ఇకనుంచి నువ్వూ చెబుతావు. ఆ సలహా ఎందుకు అవసరమవుతుందో ఆలోచించు. పొద్దుతిరుగుడు పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది; గాలికి ఎగరదు. ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్క పువ్వుకు చేరితేనే గింజ బాగా కట్టేది. ఆ మోత పని తేనెటీగలది. అవి రాకపోతే పువ్వు నడిమధ్యన గింజలు తాలుపోతాయి. చూడటానికి పెద్ద పువ్వే, తూకానికి వచ్చేసరికి ఏమీ ఉండదు. తేనెటీగ లేని లోటు మనిషి చెయ్యి తీర్చాలన్నమాట. ఎకరం చేలో ప్రతి పువ్వునూ అలా రుద్దడానికి ఎంతమంది కూలీలు కావాలో, ఈనాటి కూలి రేట్లకు ఎంతవుతుందో ఒక రైతు పక్కన కూర్చుని లెక్క వెయ్యి. తేనెటీగ విలువ ఆయనకు ఉపన్యాసం లేకుండానే అర్థమవుతుంది. ప్రపంచంలో మనుషులు తినే ముఖ్యమైన పంట రకాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఎంతో కొంత ఇలాంటి జీవుల మీద ఆధారపడినవే. వరికీ గోధుమకూ ఆ అవసరం లేదు గానీ పండ్లు, కూరగాయలు, నూనెగింజల్లో చాలావాటికి ఉంది.

తేనెటీగ అనగానే మనకు తుట్టె కట్టేవే గుర్తొస్తాయి. నల్లమల కొండ చరియలకు వేలాడే పెద్ద పట్లు, చెట్టు తొర్రల్లో ఉండే పుట్టతేనె ఈగలు, కంపల్లో చిన్న తుట్టె కట్టే జుంటీగలు. కానీ భూమ్మీద ఉన్న ఈ ఈగల జాతుల్లో పదింట ఏడు దాకా తుట్టే కట్టవు, గుంపుగానూ ఉండవు. నేలలో బొరియ తవ్వుకుని అందులో గుడ్లు పెట్టుకుంటాయి.

నమ్మకం కుదరాలంటే ఒకరోజు పొద్దున్నే వంగతోటలో పావుగంట నిలబడు. వంగపువ్వు ఊదారంగు రేకల మధ్య పసుపుపచ్చని పుప్పొడి గొట్టాలు కనబడతాయి. వాటి కొసన సన్నటి రంధ్రాలుంటాయి. పుప్పొడి అందులోంచే రాలాలి. గాలికి కొంత రాలుతుంది, అది చాలదు. పొట్ట మీద నీలిచారలున్న ఒక ఈగ వచ్చి ఆ గొట్టాలను పట్టుకుని వేలాడుతుంది. దాని ఒళ్ళంతా అదురుతుంది. ఎగిరేటప్పుడు వినిపించిన మోత మారి, సన్నగా, గట్టిగా వినిపిస్తుంది. ఆ అదురుకు పుప్పొడి దాని మీద రాలుతుంది. క్షణంలో పని ముగించి ఇంకో పువ్వుకు పోతుంది. మనం పెట్టెల్లో పెంచే తేనెటీగలకు ఈ విద్య రాదు. టమాటా పువ్వుకూ ఇదే అవసరం. ఈ నీలిచారల ఈగ గట్టు మట్టిలోనో, పాత మట్టిగోడలోనో కన్నం తవ్వుకుని, పుప్పొడి ముద్ద పెట్టి, దాని మీద గుడ్డు పెడుతుంది. పిల్ల పెరిగేదంతా మట్టిలోనే. రోటవేటర్ గట్టుదాకా పిండి చేస్తే దాని ఇల్లు పోతుంది. మట్టిలో విషం చేరితే పుట్టే పిల్ల ఆ విషంలోనే పుడుతుంది.

విషం మట్టిలోకి ఎలా చేరుతుందంటావా? పత్తి విత్తనాలకు రంగు పూత ఉంటుంది చూశావుగా. అందులో చాలాసార్లు ఉండేది ఇమిడాక్లోప్రిడ్, నియోనికోటినాయిడ్ కుటుంబపు మందు. మొక్క దాన్ని వేరుతో పీల్చుకుని రసంలో కలుపుకుంటుంది. అందుకే తొలి రోజుల్లో పచ్చదోమ, పేనుబంక మొక్క జోలికి రావు. కానీ రసంలో కలిసింది పువ్వు దాకా పోతుంది. మకరందంలోనూ పుప్పొడిలోనూ బయటపడుతుంది. విత్తనానికి పట్టించిన మందులో మొక్క తీసుకునేది కొద్ది వంతే. మిగిలింది మట్టిలో ఉండిపోతుంది, నేల తీరును బట్టి నెలల తరబడి, కొన్నిచోట్ల ఏడాది దాటినా. ఒక తేనెటీగ ప్రాణం తీయడానికి కొన్ని నానోగ్రాములు చాలు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్ల వంతు.

చచ్చిన ఈగ కంటే చావని ఈగ సంగతి ఇంకా ముఖ్యం. 2012లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు తేనెటీగల వీపున చిన్న రేడియో చిప్పులు అతికించి, ప్రాణం తీయనంత కొద్ది మోతాదులో అదే కుటుంబపు థయామెథాక్సామ్ పట్టించి వదిలారు. మందు ముట్టని వాటికంటే ముట్టినవి చాలా ఎక్కువగా దారి తప్పి, తుట్టెకు తిరిగి చేరలేదు. మన చేలలోనూ అలా జరిగితే గట్టు మీద ఒక్క ఈగ కూడా చచ్చి కనబడదు. అందుకే మందు కొట్టినందువల్ల పోయాయని ఎవరికీ తోచదు. 2021లో కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు గుమ్మడి పూల మీద బతుకుతూ నేలలో గూడు పెట్టే ఒక ఈగను గమనించారు. నాటేటప్పుడు మట్టిలో ఇమిడాక్లోప్రిడ్ వేసిన చోట వాటి గూళ్ళు 85 శాతం తగ్గిపోయాయి. పొద్దుతిరుగుడు విత్తనానికి ఈ మందు పట్టించడాన్ని ఫ్రాన్సు 1999లోనే ఆపేసింది. 2018లో యూరోపియన్ యూనియన్ ఇమిడాక్లోప్రిడ్, క్లోథయానిడిన్, థయామెథాక్సామ్ మూడింటినీ ఆరుబయట పంటల్లో వాడకూడదని నిర్ణయించింది. మన షాపుల్లో అవి మామూలుగా దొరికే మందులు. కాబట్టి ఇక్కడ ఆ జాగ్రత్త తీసుకోవాల్సింది చీటీ రాసే నువ్వే.

అలాగని తేనెటీగలు తగ్గిన ప్రతిచోటా మందునే దోషిని చెయ్యకు. 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ వచ్చి దక్షిణాది రాష్ట్రాల్లో పుట్టతేనె ఈగల కుటుంబాలను చాలావరకు తుడిచిపెట్టింది. రోగాలున్నాయి, ఎండలున్నాయి, చెట్లు కొట్టేయడం ఉంది. కానీ సరైన తిండి లేక, మందుతో నీరసించిన తుట్టె రోగానికి తొందరగా లొంగుతుంది.

ఆ తిండి సంగతి కూడా చూడు. ఒకప్పుడు ఈ నేలల్లో జొన్న మధ్య కంది సాళ్ళు, వాటి మధ్యన అలసందలు, గట్టున ఆముదం, పక్క చేలో ధనియాలో నువ్వులో ఉండేవి. ఒకటి పూత ముగించేసరికి ఇంకోటి పూతకొచ్చేది. ఇప్పుడు రబీలో కనుచూపు మేర శనగే. శనగ పువ్వు తనంతట తాను కాయ కడుతుంది. తేనెటీగకు అందులో పెద్దగా దొరికేదేమీ లేదు. పోనీ గట్ల మీద తుమ్మి, గడ్డిచామంతి, ఉత్తరేణి అయినా మిగిలాయా అంటే, చేలో కలుపుకని కొన్న గ్లైఫోసేట్ గట్టు మీదా కొట్టేస్తున్నారు. ఆ మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. ఊళ్ళో ఎలా వాడుతున్నారో నువ్వే చూస్తావు. శుభ్రంగా కనబడే గట్టు రైతుకు గర్వంగా ఉంటుంది. పూలున్న గట్టు కూడా పంటకు పనికొచ్చే నేలేనని ఆయనకు ఓపికగా చెప్పాలి.

ఇక మట్టి. 2015 నుంచి ఇస్తున్న సాయిల్ హెల్త్ కార్డులో పన్నెండు అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్ మొదలుకొని ఉదజని సూచిక, సేంద్రియ కర్బనం దాకా. సేంద్రియ కర్బనం అర శాతం లోపుంటే తక్కువ కింద లెక్క. నీ చేతికొచ్చే చాలా కార్డుల్లో ఆ గడిలో అదే మాట ఉంటుంది. దాన్ని చదివి వినిపించి పంపేయకు. కార్డులో వానపాములకు గడి లేదు, బూజు దారాలకు గడి లేదు. అవి కనబడాలంటే పార పట్టాలి.

వాన పడిన రెండు రోజులకు రైతును వెంటబెట్టుకుని వెళ్ళి, జానెడు లోతు, జానెడు వెడల్పు మట్టి గడ్డ తీసి గోనెసంచి మీద వేసి చేత్తో విడదీయి. పచ్చిరొట్ట, పశువుల ఎరువు చూసిన నేలైతే గడ్డ చిన్న చిన్న రవ్వలుగా విడిపోతుంది. వానపాముల బొరియలు, వేళ్ళను పెనవేసుకున్న సన్నటి తెల్లదారాలు కనబడతాయి. ఏళ్ళ తరబడి రోటవేటర్, యూరియా తప్ప ఇంకేమీ చూడని నేలైతే పైన పిండి, కింద అట్టకట్టిన గట్టి పొర. వేరు అక్కడిదాకా దిగి, ఇక దిగలేక పక్కకు తిరిగి ఉంటుంది. వాన నీరు కూడా అక్కడే ఆగిపోతుంది. ఇంగ్లాండులో చాలాచోట్ల వానపాములు ఏటా ఎకరానికి పది టన్నులకు పైగా మట్టిని పైకి తెస్తున్నాయని డార్విన్ 1881లో అచ్చయిన తన పుస్తకంలో లెక్కగట్టాడు. ఆ పనిని ఏ ట్రాక్టరూ అంత చవగ్గా చెయ్యలేదు.

ఇక్కడే మట్టికీ తేనెటీగకూ లంకె పడుతుంది. 45 కిలోల యూరియా బస్తా రైతుకు 266 రూపాయల 50 పైసలకు వస్తుంది. చవకే కదా అని ఒకటి వేయాల్సిన చోట రెండు వేస్తారు. సున్నం పాలున్న నల్లరేగడిలో పైపైన చల్లిన యూరియాలో కొంత అమ్మోనియాగా గాలిలో కలుస్తుంది. కొంత నైట్రేటుగా మారి నీటితో కిందికి దిగి బావుల్లో చేరుతుంది. మొక్కకు అందినది ఎక్కువైతే ఆకు నల్లగా నిగనిగలాడుతూ లేతగా, రసంతో నిండి ఉంటుంది. రైతు మురిసిపోతాడు. రసం పీల్చే పురుగులకు కావలసిందీ అదే. పచ్చదోమ, తెల్లదోమ వచ్చి పడతాయి. దానికి ఇమిడాక్లోప్రిడ్. అది పూతకు చేరి తేనెటీగలను చంపుతుంది, చేలోని అక్షింతల పురుగులనూ చంపుతుంది. దోమను తినే పురుగు పోతే దోమ రెట్టింపు. మళ్ళీ మందు. మట్టి దగ్గర మొదలైన తప్పును ఆకు మీద మందు కొట్టి దిద్దలేం. డీఏపీదీ ఇలాంటి కథే. ఏటా వేసే భాస్వరంలో చాలావరకు ఈ నేలల్లో బిగుసుకుపోతుంది. దాన్ని విడిపించి వేరుకు అందించే బూజు దారాలు, భాస్వరం ఎక్కువైన చోట వేరుతో పొత్తు తగ్గించుకుంటాయి.

ఇదంతా తెలిశాక రైతు మీద కోపం తెచ్చుకోకు. 1980ల్లో సింథటిక్ పైరిథ్రాయిడ్లు వరసగా కొట్టిన పత్తి చేలల్లో తెల్లదోమ విరుచుకుపడి గుంటూరు, ప్రకాశం రైతులు చితికిపోయారు. 2021లో మిరపకు కొత్త నల్ల తామర పురుగు వచ్చినప్పుడు రెండు మూడు మందులు కలిపి కొట్టినా అది లొంగలేదు. కౌలు ముందే కట్టి, మూడు రూపాయల వడ్డీకి డబ్బు తెచ్చిన మనిషి పురుగును చూసి నిదానంగా ఉండలేడు. అప్పిచ్చిన షాపే మందూ రాసిస్తుంది. ఆ భయాన్ని అర్థం చేసుకుంటేనే నీ మాట ఆయన చెవికెక్కుతుంది.

అలాగే రాత్రికి రాత్రి అన్నీ మానెయ్యమనీ చెప్పకు. 2021లో శ్రీలంక రసాయన ఎరువులను ఒక్కసారిగా ఆపేసి, కొన్ని నెలలకే వెనక్కి తగ్గాల్సి వచ్చింది. నేల మళ్ళీ కోలుకోవడానికి ఏళ్ళు పడుతుంది, ఆ లోపు రైతు బతకాలి. మన దగ్గర నిదానంగా, ఊరంతా కలిసి చేసినవి నిలిచాయి. అప్పటి ఖమ్మం జిల్లా పునుకులలో పత్తి రైతులు రెండు దశాబ్దాల కిందటే పురుగుమందులు మానేశారు. అప్పటి వరంగల్ జిల్లా ఏనబావి ఊరు ఊరంతా రసాయనాలు లేని సేద్యానికి మళ్ళింది. మన రాష్ట్రంలో 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయాన్ని నడిపిస్తోంది. మీ మండలంలో ఆ రైతులుంటే వాళ్ళ చేలకు మిగతా వాళ్ళను తీసుకెళ్ళు. నువ్వు గంటసేపు చెప్పేదాని కంటే పక్క ఊరి రైతు తన చేలో నిలబడి చెప్పే రెండు మాటలు పనిచేస్తాయి.

ఈ ఖరీఫ్ నుంచే నువ్వు చేయగలిగినవి కొన్ని రాస్తాను.

పూత మీదున్న పంటకు తప్పనిసరైతే తప్ప మందు రాయకు. రాయక తప్పకపోతే తేనెటీగలు తిరగడం మానిన సాయంత్రం పూట కొట్టమను. అయితే మొక్క రసంలో కలిసే మందులకు సాయంత్రం కొట్టినా పూర్తి రక్షణ లేదని గుర్తుంచుకో; పూతలో వాటి జోలికే పోకు. డబ్బా మీది రంగు త్రికోణాన్ని చూసి మోసపోకు. ఆ రంగులు ఎలుకల వంటి జంతువుల మీద పరీక్షించి నిర్ణయించినవి. ఆకుపచ్చ ఉన్నంత మాత్రాన తేనెటీగకు మంచిదని కాదు. లోపలి కరపత్రం చదువు. పేరూ ఊరూ సరిగ్గా లేకుండా బయో అని అమ్మే సీసాలను ఎవరికీ సిఫారసు చెయ్యకు. లోపల ఏముందో ఆ షాపు మనిషికీ తెలియకపోవచ్చు.

చూడటానికి వెళ్ళినప్పుడు చేను నాలుగు మూలలా, నడుమా మొక్కలు చూసి, పురుగులతో పాటు అక్షింతల పురుగులు, సాలీళ్ళు ఎన్ని ఉన్నాయో కూడా రాసుకో. పురుగు నష్ట పరిమితి దాటనప్పుడు ఆ కాగితం రైతుకు చూపించు. పసుపు, నీలం జిగురు అట్టలు, వేపగింజల కషాయం, ముందు ఇవి. శనగలో సాళ్ళ మధ్య ధనియాలు వేయించు. వాటి తెల్లపూలకు తేనెటీగలు వస్తాయి, శనగపచ్చ పురుగును చంపే కందిరీగ జాతి పురుగులూ వస్తాయి, పైగా ధనియాలకు ధర ఉంది. తొలకరికి ముందు జనుము, జీలుగ, పిల్లిపెసర, అలసంద ఏది దొరికితే అది చల్లించి కలియదున్నించు. మొత్తం పొలం కాకపోతే ఒక ఎకరమైనా చాలు. గట్టు మీద కానుగ, వేప ఉంటే కొట్టనివ్వకు. ఎక్కడైనా గట్టులో చిన్న కన్నాల్లోకి ఈగలు పోతూ వస్తూ కనబడితే అక్కడ దున్నవద్దని, మందు పడనివ్వవద్దని ఆ రైతుకు చూపించి చెప్పు. యూరియాను ఒకేసారి చల్లకుండా పంట దశను బట్టి విడతలుగా, తేమ ఉన్నప్పుడు, మట్టిలో పడేలా వేయించు. బస్తాలు తగ్గితే దోమ తగ్గుతుంది, దోమ తగ్గితే మందు తగ్గుతుంది. ఈ వరస రైతుకు ఒకసారి అనుభవమైతే మళ్ళీ నువ్వు చెప్పాల్సిన పనుండదు.

ఎన్ని ఎకరాలు ఈ-క్రాప్‌లో ఎక్కించావు, ఎన్ని బస్తాలు ఇచ్చావు అని పైవాళ్ళు అడుగుతారు. అవి చెయ్యి, తప్పదు. వాటితో పాటు నీకంటూ ఒక నోటుబుక్కు పెట్టుకో. ఖరీఫ్ ముగిశాక దాన్ని చూసి నాకు ఉత్తరం రాయి. చేను చూసి, పురుగు లెక్కబెట్టి, "ఈ వారం మందు అక్కర్లేదు" అని ఎంతమందికి చెప్పగలిగావు, వాళ్ళలో ఎంతమంది నీ మాట విన్నారు, విన్నవాళ్ళ పంట ఎలా వచ్చింది, ఖర్చు ఎంత మిగిలింది అన్నవి రాయి. మొదటి ఏడు ఆ జాబితా చిన్నదే ఉంటుంది. ఒక్క రైతుకు నమ్మకం కుదిరితే రెండో ఏడు ఆయనే ఇంకొకరిని నీ దగ్గరకు తీసుకొస్తాడు. ఆ జాబితా ఏటా పెరిగేలా చూసుకో.

ఇట్లు,
మీ పెదనాన్న